బెట్టా చేపల వ్యాధులు – నీటి చికిత్సలు

బెట్టా చేప (శాస్త్రీయ నామం: బెట్టా స్ప్లెండెన్స్) గాజు తొట్టెలలో అందం కోసం పెంచే మంచినీటి చేప. వాడుకలో దీనిని ఫైటర్ చేప అంటారు. రెండు మగచేపలను ఒకే తొట్టెలో ఉంచితే పోట్లాడుకొని ఒకదానినొకటి గాయపరచుకుంటాయి. అందువలన దీనిని ఒంటరిగా, తరచుగా చాలా చిన్న పాత్రలో పెంచుతారు. ఈ చేపకు వచ్చే జబ్బులలో ఎక్కువ భాగానికి మూలం ఆ పాత్రలోని నీరే. జబ్బుపడిన బెట్టాకు ఏ చికిత్స ఎప్పుడు తగునో, ఏది తగదో, ఆంధ్రప్రదేశ్‌లోని నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతాల నీటిని ఉదాహరణగా తీసుకొని ఈ వ్యాసంలో వివరించబడింది.

చేప స్వభావం

బెట్టా స్వస్థలం థాయిలాండ్. అక్కడి వరిపొలాలలో, నిలవనీటి కుంటలలో ఇది జీవిస్తుంది. ఈస్టిండియా కంపెనీ కొలువులో వైద్యుడైన థియోడర్ కాంటర్ 1849లో దీనిని గురించి వ్రాసినా, పొరపాటున వేరొక చేప పేరు వాడాడు. ఇప్పటి శాస్త్రీయ నామాన్ని 1910లో చార్లెస్ టేట్ రీగన్ పెట్టాడు. 2019లో థాయిలాండ్ ప్రభుత్వం దీనిని తమ జాతీయ జలచరంగా ప్రకటించింది.

బెట్టాకు మొప్పలతో పాటు తలలో లాబిరింత్ అనే అవయవం ఉంటుంది. దీని సాయంతో నీటిపైకి వచ్చి గాలిని నేరుగా పీల్చుకుంటుంది. సీసాలోనైనా బ్రతుకుతుందనే నమ్మకం దీనివల్లనే ఏర్పడింది. ఆక్సిజన్ లోటును తట్టుకోగలిగినంత మాత్రాన తన మలమూత్రాల వలన పుట్టే విషాన్ని తట్టుకోగలదని కాదు. కనీసం 10 లీటర్ల నీరు, 25 నుండి 28 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత దీనికి అనుకూలం.

నంద్యాల, ఆళ్ళగడ్డ ప్రాంతపు నీరు

నంద్యాల పట్టణం 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన నంద్యాల జిల్లాకు కేంద్రం. ఆళ్ళగడ్డ అక్కడికి సుమారు 40 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఈ ప్రాంతమంతా కుందూ నది లోయకు చెందినది. భూగర్భ శాస్త్రజ్ఞులు ఇక్కడి శిలలకు నంద్యాల షేల్, కోయిలకుంట్ల సున్నపురాయి, నర్జి సున్నపురాయి వంటి పేర్లు పెట్టారు. పేర్లే చెబుతున్నట్లు నేల అడుగున సున్నపురాయి విస్తారంగా ఉంది. అటువంటి రాళ్ళ గుండా ఊరిన బోరు నీటిలో కాల్షియం, మెగ్నీషియం లవణాలు చేరి నీరు కఠినమవుతుంది, దాని పి.హెచ్. విలువ 7ను మించుతుంది. కె.సి. కాలువ, తెలుగుగంగ కాలువల నీరు బోరు నీటికంటె సాధారణంగా మెత్తన. తాగునీటికి భారతీయ ప్రమాణం (ఐ.ఎస్. 10500) ప్రకారం కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాములలోపు ఉండాలి. వేరే నీరు దొరకనప్పుడు 600 వరకు అనుమతిస్తారు.

బెట్టా మెత్తని నీటి చేప అయినా కఠిన జలానికి క్రమంగా అలవాటు పడగలదు. ప్రమాదం కఠినత్వంలో కంటె దానితో వచ్చే క్షారగుణంలో ఉంది. చేప విసర్జించే అమ్మోనియా నీటిలో రెండు రూపాలలో ఉంటుంది. ఒకటి దాదాపు నిరపాయకరమైన అమ్మోనియం, రెండవది మొప్పలను కాల్చే స్వేచ్ఛా అమ్మోనియా. 28 డిగ్రీల వద్ద పి.హెచ్. 7 ఉన్న నీటిలో మొత్తం అమ్మోనియాలో విషరూపం సుమారు 0.7 శాతం. పి.హెచ్. 8 అయితే అదే 6.5 శాతం. అనగా అంతే మురికికి తొమ్మిది రెట్లు విషం. వేడి పెరిగితే ఇది ఇంకా పెరుగుతుంది. వేసవిలో 40 డిగ్రీలు దాటే నంద్యాలలో, బోరు నీటి తొట్టెలో, చేపకు మేత ఎక్కువ వేయడం ఎంత చేటో దీనివలన గ్రహించవచ్చు.

దీనికి విరుగుడుగా చాలామంది క్యాన్లలో అమ్మే ఆర్.ఓ. నీటిని వాడతారు. ఇది సగం మాత్రమే సరియైన పని. ఆర్.ఓ. నీటిలో లవణాలు చాలా తక్కువ కనుక పి.హెచ్.ను నిలిపి ఉంచే శక్తి ఉండదు. కొన్ని వారాలు మార్చకుండా వదిలేస్తే నీరు ఆమ్లంగా మారుతుంది, అమ్మోనియా అంతా అమ్మోనియం రూపంలో పేరుకుంటుంది, చేప బాగానే ఉన్నట్లు కనిపిస్తుంది. ఒకనాడు క్యాను దొరకక బోరు నీరు పోస్తే పి.హెచ్. ఒక్కసారిగా పెరిగి, పేరుకున్నదంతా విషరూపం దాల్చుతుంది. "నీళ్ళు మార్చిన మర్నాడే చచ్చిపోయింది" అనే ఫిర్యాదుకు తరచుగా కారణం ఇదే. ఆర్.ఓ. నీటిని నిలవ ఉంచిన కుళాయి లేదా బోరు నీటితో కలిపి, ఎప్పుడూ అదే పాళ్ళలో వాడటం మేలు. వేసవిలో ఆవిరై తగ్గిన నీటికి బదులు మాత్రం ఆర్.ఓ. నీటినే పోయాలి. ఆవిరయ్యేది నీరే కాని లవణాలు కావు. బోరు నీటినే పోస్తూపోతే కఠినత్వం నానాటికీ పెరుగుతుంది.

తొట్టెలో అలంకారానికి వేసే రాళ్ళ విషయంలో కూడా ఈ ప్రాంతంలో జాగ్రత్త అవసరం. బేతంచర్ల, బనగానపల్లె ప్రాంతాల నాపరాళ్ళు సున్నపురాళ్ళే. రాతిపై నిమ్మరసం చుక్క వేస్తే బుడగలు వచ్చినచో అది తొట్టెకు పనికిరాదు.

మునిసిపల్ కుళాయి నీటిలో బ్లీచింగ్ పౌడరు వలన క్లోరిన్ ఉంటుంది. అది మొప్పలను దెబ్బతీస్తుంది. వెడల్పాటి పాత్రలో ఒక రోజు నిలవ ఉంచితే క్లోరిన్ చాలావరకు పోతుంది. తొందరగా కావాలంటే ఫోటోగ్రాఫర్లు హైపో అని పిలిచే సోడియం థయోసల్ఫేట్ వాడవచ్చు. 1 మిల్లీగ్రాము క్లోరిన్‌కు సుమారు 7 మిల్లీగ్రాముల హైపో చాలు. లీటరుకు అర మిల్లీగ్రాము క్లోరిన్ ఉన్న 10 లీటర్ల నీటికి 35 మిల్లీగ్రాములు, అనగా ఒక చిన్న స్ఫటికం. చెంచాలతో వేయవలసిన వస్తువు కాదు.

మందుకు ముందు

చేప మందకొడిగా ఉండటం, వాజాలు ముడుచుకోవడం, మేత మానడం, పదేపదే పైకి వచ్చి గాలి పీల్చడం అనేవి ఏ జబ్బుకైనా కనిపించే లక్షణాలు. వీటిని చూసి మందు వేయరాదు. మొదట అమ్మోనియా, నైట్రైట్ పరీక్ష కిట్లతో నీటిని పరీక్షించాలి. రెండూ సున్నా ఉండాలి. కిట్ లేనిచో, మూడవ వంతు నీటిని అదే వేడి, అదే రకం నీటితో మార్చి ఒకటి రెండు రోజులు చూడాలి. వాజాల అంచులు చిరగడం, కొద్దిగా కుళ్ళడం వంటివి చాలాసార్లు రోజూ నీరు మార్చడంతోనే తగ్గిపోతాయి. ఇదే అన్నిటికంటె చవకైన, అన్నిటికంటె తక్కువగా వాడే చికిత్స.

మందు వేయవలసి వస్తే నీటి పరిమాణం తెలియాలి. పొడవు, వెడల్పు, నీటి ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి 1000తో భాగిస్తే లీటర్లు వస్తాయి. 30, 20, 18 సెంటీమీటర్లయితే 10.8 లీటర్లు. గులకరాళ్ళు పోను 10 అనుకోవచ్చు. బడిపిల్లలకు తెలిసిన లెక్కే అయినా, పెద్దలు మందు చుక్కలను కంటితో అంచనా వేసి చేపలను పోగొట్టుకుంటారు.

ఉప్పు

రాళ్ళ ఉప్పు అనేక జబ్బులకు మొదటి మందు. పరాన్నజీవులను బలహీనపరుస్తుంది, మొప్పల గుండా చేప లవణాలను కోల్పోవడాన్ని తగ్గిస్తుంది. నైట్రైట్ విషానికి కూడా ఇది విరుగుడు. ఉప్పులోని క్లోరైడు నైట్రైట్ మొప్పలలోకి ప్రవేశించకుండా అడ్డుపడుతుంది. లీటరుకు 1 గ్రాముతో మొదలుపెట్టి రెండు రోజులలో 3 గ్రాముల వరకు పెంచవచ్చు. వేరే పాత్రలో కరిగించి పోయాలి, స్ఫటికాలు చేపపై పడరాదు. అయోడిన్ కలిపిన ఉప్పు చేపను చంపుతుందనే మాట విస్తారంగా వినిపిస్తుంది కాని, అందులోని అయోడిన్ అత్యల్పం. ఇబ్బంది ఏమీ లేదు.

ఉప్పు ఆవిరి కాదు. మూడవ వంతు నీరు మార్చినప్పుడు ఆ మూడవ వంతుకు సరిపడా ఉప్పు మాత్రమే మళ్ళీ వేయాలి. ఈ నియమం తెలియక ప్రతిసారీ పూర్తి మోతాదు వేసేవారు ఎక్కువ. పది రోజులకు మించి ఉప్పు నీటిలో ఉంచవలసిన అవసరం సాధారణంగా రాదు.

భేది ఉప్పు, అనగా మెగ్నీషియం సల్ఫేట్, వేరొక పదార్థం. మలబద్ధకం, ఉబ్బులకు దీనిని వాడతారు. ఒకదానికి బదులు మరొకటి పనిచేయదు.

తెల్ల మచ్చలు, తెల్ల పొరలు

చేపపై తెల్లగా కనిపించే దానిని సరిగా గుర్తించడంపైనే దాని ప్రాణం ఆధారపడి ఉంటుంది. ఎందుకంటే ఒకదానికి మందైన వేడి మరొకదానికి విషమవుతుంది.

ఉప్పు రవ్వలు చల్లినట్లు విడివిడిగా మచ్చలు ఉంటే అది ఇక్థియోఫ్తిరియస్ అనే ఏకకణజీవి వలన వచ్చే తెల్ల మచ్చల వ్యాధి. మచ్చలో ఉన్న జీవిని ఏ మందూ తాకదు. అది రాలి, నేలను అంటి, వందలాది పిల్లలుగా విడిపోయి ఈదే దశలోనే మందు పనిచేస్తుంది. 25 డిగ్రీల వద్ద ఈ చక్రానికి కొద్ది రోజులు పడుతుంది. మచ్చలు పోగానే చికిత్స మానితే వారంలో తిరిగి వచ్చేది ఇందుకే. చివరి మచ్చ పోయిన తరువాత కూడా కొన్ని రోజులు కొనసాగించాలి. నీటిని రోజుకు ఒకటి రెండు డిగ్రీల చొప్పున 30 డిగ్రీలకు పెంచితే ఈ జీవి వృద్ధి కుంటుపడుతుంది. రాయలసీమ వేసవిలో ఆ పని ఎండే చేస్తుంది. రాత్రి చలికి నీరు చల్లబడే డిసెంబరు, జనవరి నెలలలో హీటరు అవసరం.

మచ్చలుగా కాక బూడిద రంగు పొరలాగా, వీపుపై జీను వేసినట్లు, లేదా మూతి చుట్టూ దూది అంటినట్లు ఉంటే అది ఫ్లేవోబ్యాక్టీరియం కాలమ్నారే అనే బ్యాక్టీరియా కావచ్చు. చూడటానికి బూజు వలె ఉండటంచే పొరబడతారు. ఇది వెచ్చని నీటిలో వేగంగా పెరిగి, ఒకటి రెండు రోజులలో చేపను చంపగలదు. దీనికి వేడి పెంచడం నిప్పులో నెయ్యి పోయడమే. నీటిని 24 డిగ్రీల దరికి మెల్లగా తేవాలి, ఉప్పు వేయాలి, వెంటనే పశువైద్యుని సలహాతో యాంటీబయాటిక్ వాడాలి. ఏప్రిల్, మే నెలలలో తొట్టె చుట్టూ తడిగుడ్డ చుట్టి, నీటి ఉపరితలంపై ఫ్యాను గాలి ఆడేటట్లు చేస్తే కొంత చల్లబడుతుంది.

టార్చి వెలుగు ఏటవాలుగా వేసినప్పుడు బంగారు పొడి చల్లినట్లు కనిపిస్తే అది మూడవ జబ్బు, వెల్వెట్. దీనికి కారణమైన జీవి కొంతవరకు కాంతితో ఆహారం తయారు చేసుకుంటుంది కనుక తొట్టెను చీకటిలో ఉంచడం చికిత్సలో భాగం.

రసాయనాలు

మిథిలిన్ బ్లూ బూజుకు, పైపై పరాన్నజీవులకు వాడే పాత మందు. లీటరుకు 1 నుండి 3 మిల్లీగ్రాములు సరిపోతుంది. 1 శాతం ద్రావణంలో ప్రతి మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాములు ఉంటుంది కనుక, 10 లీటర్లకు 2 మిల్లీలీటర్లు వేస్తే లీటరుకు 2 మిల్లీగ్రాములు అవుతుంది. ఇది అమ్మోనియాను తినే మంచి బ్యాక్టీరియాను కూడా చంపుతుంది. అందుచే వేరే పాత్రలో, రోజూ నీరు మారుస్తూ వాడాలి.

ఎరువుల అంగళ్ళలో దొరికే మైలుతుత్తం వెల్వెట్‌కు నిజంగా పనిచేసే రాగి లవణమే, కాని కంటి అంచనాతో వేయరాదు. కఠిన జలంలో రాగి అడుగుకు దిగిపోయి మందు చాలదు. అదే మోతాదు ఆర్.ఓ. నీటిలో చేపను చంపుతుంది. రాగి పరీక్ష కిట్ లేనివారు దీని జోలికి పోరాదు.

మందుల షాపులో కొన్న టెట్రాసైక్లిన్ మాత్రలను విప్పి నీటిలో కలపడం చాలా చోట్ల ఉన్న అలవాటు. ఈ మందు కాల్షియం, మెగ్నీషియంలతో బంధమేర్పరచుకొని నిర్వీర్యమవుతుంది. ఇక్కడి బోరు నీటిలో వేస్తే చాలా భాగం వృథా. పైగా తెల్ల మచ్చలకు, వెల్వెట్‌కు ఏ యాంటీబయాటిక్ కూడా పనిచేయదు. మందు లోతట్టు జబ్బుకైతే నీటిలో కంటె మేతలో కలిపి ఇవ్వడం మేలు.

ఇంటి వైద్యాలు

నాటు బాదం ఎండుటాకును తొట్టెలో వేస్తే నీరు తేనీటి రంగుకు మారుతుంది. ఆకులోని టానిన్లకు సూక్ష్మజీవులను అణచే గుణం కొంత ఉన్నట్లు ప్రయోగశాలలలో తేలింది. చేపకు హాని లేదు, గాయాలు మానేటప్పుడు ఉపకరించవచ్చు. కాని ఇది పి.హెచ్.ను తగ్గిస్తుందనే మాట కఠిన జలానికి వర్తించదు. తనంతట రాలి ఎండిన, పురుగుమందు తగలని ఆకునే కడిగి వేయాలి.

పసుపు, వేపనూనె మనుషులకు మంచివైనంత మాత్రాన చేపకు మంచివి కావు. నూనె నీటిపై పొరగా పరచుకుంటుంది. పైకి వచ్చి గాలి పీల్చే చేపకు ఆ పొర ఊపిరి అడ్డం.

నయం కానివి

పొట్ట ఉబ్బి, పొలుసులు దేవదారు కాయ వలె నిక్కబొడుచుకున్న స్థితిని జలోదరం అంటారు. అప్పటికే మూత్రపిండాలు దెబ్బతిని ఉంటాయి. ఏ మందు వేసినా కోలుకునేవి తక్కువ. పొలుసులు లేవకుండా పొట్ట మాత్రమే ఉబ్బి, చేప పక్కకు ఒరిగి తేలుతుంటే అది మేత ఎక్కువైన మలబద్ధకం కావచ్చు. రెండు మూడు రోజులు మేత మానితే సర్దుకుంటుంది. ఈ రెంటికీ తేడా పైనుండి చూస్తేనే స్పష్టంగా తెలుస్తుంది.

చిక్కిపోతూ, వెన్ను వంగి, మానని పుండ్లతో ఉన్న చేపకు మైకోబ్యాక్టీరియా సోకి ఉండవచ్చు. వీటిలో మైకోబ్యాక్టీరియం మారినం చేతి గాయాల గుండా మనుషులకు కూడా అంటి, నెలల తరబడి మానని చర్మపు గడ్డలను కలిగిస్తుంది. అటువంటి తొట్టెలో గాయమున్న చేయి పెట్టరాదు, నోటితో గొట్టం పీల్చి నీరు తీయరాదు. గడ్డ లేస్తే చేపల తొట్టె సంగతి వైద్యునికి చెప్పాలి. చెప్పనిదే ఆ అనుమానం వారికి కలగడం కష్టం.