వైద్య పరికరాల స్థానిక తయారీ

ఖరీదైన వైద్య పరికరాన్ని రోగికి అందే ధరలో ఇక్కడే తయారుచేసే ప్రయత్నం తెలుగు నేలపై 1990లలో ఊపందుకుంది. హైదరాబాద్‌లో క్షిపణుల కోసం రూపొందిన తేలికపాటి మిశ్రమ పదార్థంతో నిమ్స్ ఆసుపత్రికి వచ్చే పోలియో పిల్లలకు కాళ్లకు ఊతమిచ్చే క్యాలిపర్లు చేశారు. మూడు కిలోలకు పైగా ఉండే లోహపు చట్రం బరువు సుమారు 300 గ్రాములకు దిగింది. గుండె వైద్యుడు బి. సోమరాజు, ఏ.పి.జె. అబ్దుల్ కలాం కలిసి గుండె రక్తనాళాన్ని తెరిచి ఉంచే కలాం–రాజు స్టెంట్ తెచ్చారు.

అయితే తయారీ ఒక్కటే రోగి బిల్లును తగ్గించదు. 2017 ఫిబ్రవరిలో కేంద్రం మందుపూత లేని స్టెంటుకు 7,260, పూత ఉన్నదానికి 29,600 రూపాయల గరిష్ఠ ధర నిర్ణయించాల్సి వచ్చింది. ఇక స్వదేశీ సరుకు నాసిరకమన్న అభ్యంతరాన్ని కొట్టిపారేయలేం. దాన్ని తేల్చాల్సింది పరీక్షే. సొంత ప్రయోగశాల కట్టుకోలేని చిన్న సంస్థలకు విశాఖపట్నం మెడ్‌టెక్ జోన్‌లోని ఉమ్మడి పరీక్షా కేంద్రాలు అందుకే అసలు ఆసరా. మరమ్మతు సంగతి మాత్రం ఎవరికీ పట్టదు. నూజివీడు మామిడి సీమలో కరెంటు ఒడుదుడుకులకు ఓ ఆసుపత్రి యంత్రం ఆగిందనుకుందాం: విడిభాగం విజయవాడలో దొరికితే మర్నాటికి పనిచేస్తుంది, విదేశం నుంచి ఓడలో రావాలంటే రసాల కోతలు ముగిసిపోతాయి.