పంపకం తిరగబడ్డ సౌధం

కొత్త ఢిల్లీకి వేసిన తొలి నమూనాలో పార్లమెంటుకు విడిగా భవనమే లేదు. వైస్రాయ్ భవనం ఉంది, సచివాలయం ఉంది. 1919 మాంటేగు-చెమ్స్‌ఫర్డ్ సంస్కరణలతో రెండు సభలు ఏర్పడ్డాకే ఆ అవసరం తలెత్తింది. వాస్తుశిల్పి హెర్బర్ట్ బేకర్ త్రికోణాకారం గీస్తే, సహ వాస్తుశిల్పి ఎడ్విన్ లుటియన్స్ వృత్తమే కావాలని పట్టుబట్టి నెగ్గాడు. 1921 ఫిబ్రవరి 12న శంకుస్థాపన, 1927 జనవరి 18న లార్డ్ ఇర్విన్ చేతుల మీదుగా ప్రారంభోత్సవం. ఖర్చు 83 లక్షల రూపాయలు. వ్యాసం 560 అడుగులు. చుట్టూ 144 రాతి స్తంభాలు. మధ్యప్రదేశ్‌లోని గుండ్రటి మితావలి యోగినీ ఆలయాన్ని చూసే దీన్ని కట్టారని తరచూ వింటుంటాం. పోలిక నిజమే గానీ, ఆ మాటకు ఆధారం దొరకదు.

స్తంభాల కన్నా నన్ను కట్టిపడేసేది లోపలి గదుల కథ. గుమ్మటం కింది నడిమి హాలు మొదట సభ్యుల గ్రంథాలయం. దాని చుట్టూ మూడు మందిరాలు: కేంద్ర శాసనసభకు ఒకటి, కౌన్సిల్ ఆఫ్ స్టేట్‌కు ఒకటి, సంస్థానాధీశులకు ఒకటి. తెల్లదొరలు చేసిన ఈ పంపకాన్ని మనవాళ్లు తలకిందులు చేశారు. 1929 ఏప్రిల్ 8న శాసనసభలో బాంబులు విసిరిన భగత్‌సింగ్, బటుకేశ్వర్ దత్ పారిపోకుండా అక్కడే నిలబడి పట్టుబడ్డారు. 1946లో గ్రంథాలయాన్ని ఖాళీ చేసి రాజ్యాంగసభకు ఇచ్చారు. పట్టాభి సీతారామయ్య, ఎన్.జి. రంగా కొలువుదీరిన సభ అది. ఎగువసభలో అడుగుపెట్టడానికి 35 ఏళ్లు ఎందుకు, 30 చాలదా అని రాజమండ్రి ఆడపడుచు దుర్గాబాయి వాదించి గెలిచిందీ ఆ సభలోనే. ఇక మహారాజుల మందిరంలో 1950 నుంచి 1958 దాకా సుప్రీంకోర్టు నడిచింది. రాజులకని కట్టిన గదిలో సామాన్యుడు న్యాయం అడిగాడు! ఈ భవన చరిత్రలో ఇంతకన్నా గొప్ప మలుపు నాకు కనిపించదు.

స్వతంత్ర భారతంలో తెలుగునేల నుంచి వెళ్లిన అనంతశయనం అయ్యంగార్, నీలం సంజీవరెడ్డి, బాలయోగి లోక్‌సభ స్పీకర్లయ్యారు. 2001 డిసెంబరు 13న ఉగ్రవాదుల దాడిని భద్రతా సిబ్బంది ప్రాణాలొడ్డి ఆపారు. 2014 ఫిబ్రవరి 18న తెలంగాణ బిల్లు లోక్‌సభలో గట్టెక్కింది. ఆ సాయంత్రం కొన్ని తెలుగు లోగిళ్లలో పండగ, కొన్నింట కన్నీరు.

2023 సెప్టెంబరు 19న సభలు పక్కనే ఉన్న కొత్త భవనానికి తరలాయి. పాతదానికి సంవిధాన్ సదన్ అని పేరు పెట్టారు. తగిన పేరే. దుర్గాబాయి వాదన ఏమిటో, దానికి ఎవరేం బదులిచ్చారో ఆ నడిమి హాల్లోనే తెలుగులో వినే ఏర్పాటు కూడా జరిగితే, మన బడిపిల్లలను ఢిల్లీ తీసుకెళ్లినప్పుడు ముందుగా చూపించాల్సిన చోటు అదే.