కాగితం మీద పారిన గంగ

పాట్నా దగ్గర గంగను మళ్ళించి, వింధ్య ఎక్కించి, గోదావరి, కృష్ణ, పెన్న దాటించి కావేరిలో కలపాలని ఒక తెలుగు ఇంజనీరు పథకం వేశారు. పెన్న అంటే మన ప్రొద్దుటూరు పక్కన పారే పెన్నే. ఎండాకాలం ఇసుకలో చెలమ తవ్వి, ఊట ఊరేదాకా కూర్చుని, చెంబుతో తోడుకుంటే తప్ప తడి కనపడని ఏరు. ఆ ఏటికి గంగను చూపించాలనుకున్న మనిషి డాక్టర్ కానూరి లక్ష్మణరావు. జనం నోట కె.ఎల్.రావు.

మన రాయలసీమవారు కారు. 1902లో కృష్ణా జిల్లా కంకిపాడులో పుట్టారు. చిన్నతనంలోనే తండ్రి పోయారు. బడిలో ఆటాడుతుంటే తగిలిన దెబ్బకు ఒక కన్ను పోయింది. మిగిలిన కంటితోనే గిండీలో ఇంజనీరింగు చదివారు, రంగూన్‌లో పాఠాలు చెప్పారు, 1939లో బర్మింగ్‌హామ్ నుంచి డాక్టరేటు తెచ్చుకున్నారు. తిరిగొచ్చాక మద్రాసు ప్రభుత్వంలో చేతికొచ్చిన పెద్ద పని గోదావరి మీద రామపాదసాగర్. డిజైన్లు తయారయ్యాయి, ఆనకట్ట మాత్రం లేవలేదు. అంత ఖర్చు మోయలేమని పక్కన పెట్టేశారు. కట్టని డ్యాముతో మొదలైన జీవితం అది.

ఆ రోజుల్లోనే మనకూ ఒకటి పోయింది. కృష్ణా నీళ్ళను సీమ మీదుగా పెన్నకు మళ్ళించాలని మద్రాసు ప్రభుత్వం తలపెట్టిన కృష్ణా-పెన్నార్ పథకం. కృష్ణా నీళ్ళు అరవదేశం పాలవుతాయని కోస్తా నాయకులు అడ్డుపడ్డారు. పథకాన్ని పరిశీలించిన ఖోస్లా కమిటీ 1952లో కృష్ణ మీది నందికొండ వైపు మొగ్గింది. అదే నాగార్జునసాగర్ అయింది. సీమకు నోటికాడ కూడు జారింది. అందుకే మన పెద్దలు డెల్టా ఇంజనీర్లందరినీ ఒకే గాటన కట్టేశారు. సాగర్ రూపకల్పనలో పాలుపంచుకున్న కె.ఎల్.రావును కూడా. అది న్యాయం కాదంటాను.

1954లో ఆయన ఢిల్లీలో కేంద్ర జల, విద్యుత్ కమిషన్ చీఫ్ ఇంజనీరయ్యారు. 1962లో విజయవాడ నుంచి లోక్‌సభకు గెలిచారు, మరుసటేడు కేంద్ర మంత్రి. నెహ్రూ, శాస్త్రి, ఇందిర ముగ్గురి దగ్గరా సాగునీటి వ్యవహారాలు చూశారు. తన జ్ఞాపకాలకు పెట్టుకున్న పేరు ‘ది క్యూసెక్స్ క్యాండిడేట్’. నవ్వుకుంటూ పెట్టుకున్నారేమో గానీ, అంతకన్నా సరైన పేరు దొరకదు.

1972లో ఆ గంగా-కావేరి పథకం బయటికొచ్చింది. 2,640 కిలోమీటర్ల దారి. వరద కాలంలో 150 రోజులపాటు 60,000 క్యూసెక్కులు. మిట్టలెక్కించడానికి వేల మెగావాట్ల కరెంటు కావాలి. కరెంటే సరిగా లేని దేశం అది. నిపుణులు లెక్క తిరగేసి, ఖర్చు బాగా తక్కువ చేసి చూపించారన్నారు, వరద నివారణకూ ఇది పనికిరాదన్నారు. వాళ్ళను తప్పుపట్టలేం. అయినా తాను ఏలిన శాఖలోని ఇంజనీర్లే తన కలను కొట్టేయడం చూడాల్సి రావడం చిన్న శిక్ష కాదు. 1973తో మంత్రి పదవి ముగిసింది. 1977 తర్వాత లోక్‌సభలోనూ లేరు. 1986 మే 18న కన్నుమూశారు.

మొత్తం దేశానికి కుదరదన్న పని ముక్కలు ముక్కలుగా మన కళ్ళ ముందే జరుగుతోంది. శ్రీశైలం నీళ్ళు పోతిరెడ్డిపాడు, అవుకు మీదుగా జమ్మలమడుగు పైనున్న గండికోటకు చేరుతున్నాయి. 2020లో ఆ రిజర్వాయరును నిండా 26.85 టీఎంసీలకు నింపారు. తాళ్ళప్రొద్దుటూరు మునిగిపోయింది. అక్కడి నుంచి మోటార్లు నీటిని చిత్రావతి బ్యాలెన్సింగ్ రిజర్వాయరుకు ఎత్తిపోస్తాయి. బోర్లు ఎండి, ట్యాంకర్లతో చీనీ చెట్లను బతికించుకున్న పులివెందుల రైతుకు ఇప్పుడు ఆ నీళ్ళే దిక్కు. నీటిని కొండెక్కించడం పిచ్చి అన్న మాట ఇక్కడెవరూ అనరు.

కృష్ణ మీది పులిచింతల ప్రాజెక్టుకు కె.ఎల్.రావు పేరు పెట్టారు. 2021 ఆగస్టు 5న అక్కడి 16వ గేటు ఊడి వరదలో కొట్టుకుపోయింది. నిండిన జలాశయాన్ని గేటు బిగించడానికి ఖాళీ చేయాల్సొచ్చింది. ఇక నదుల అనుసంధానం కోసం 1982లో ఏర్పడిన జాతీయ జల అభివృద్ధి సంస్థ ప్రణాళికలో పెన్న మీది సోమశిల నుంచి కావేరి దాకా ఒక కాలువ ఉంది. అదింకా తవ్వలేదు.