సభ ఎక్కడ, ఏ తేదీన? మహాడ్ నుంచి మన నెల్లూరు తీరం దాకా

ఈ వారం బెజవాడలో మొదలుపెట్టి కంప్యూటర్ల దగ్గర తేలతాను. కాస్త ఓపిక పట్టండి.

1917 నవంబరులో బెజవాడలో మూడు రోజుల సభ జరిగింది. పేరు ప్రథమాంధ్రదేశ పంచమ మహాజన సభ. అధ్యక్షత వహించడానికి హైదరాబాదు నుంచి భాగ్యరెడ్డి వర్మ వచ్చారు. ‘పంచమ’ అన్న పేరు మాకొద్దు, ఈ నేల మొదటి వారసులం మేమే, ఆది ఆంధ్రులం అని ఆ సభ తేల్చింది. ఇంతవరకు మీలో చాలామందికి తెలుసు. పక్కనే ఉన్న చిన్న సంగతిని మాత్రం దాటేసి వెళ్లిపోతుంటాం. ఆ మూడు రోజులూ కనకదుర్గ గుడి మూసేశారు. ప్రతినిధులు ఎక్కడ లోపలికి వచ్చేస్తారోనని భయం! మనం ఊరు, తేదీ ప్రకటిస్తే చాలు, ఆ ఊరు తన తలుపులు సరిచూసుకుంటుంది.

పదేళ్ల తర్వాత, 1927 డిసెంబరు చివర్లో మహాడ్‌లో రెండో సభ. చెరువు నీళ్ల గురించి, మనుస్మృతిని తగలబెట్టడం గురించి వందసార్లు చెప్పుకున్నాం. ఆ సభ ఏర్పాట్ల గురించి ఎప్పుడైనా చదివారా? పందిరి వేసుకోవడానికి ఊళ్లో ఎవరూ స్థలం ఇవ్వలేదు. ఫత్తేఖాన్ అనే ముస్లిం తన స్థలం ఇచ్చాడు. అంగళ్లవాళ్లు సరుకులు అమ్మమన్నారు, కాబట్టి బియ్యం పప్పులు బయటి నుంచి తెచ్చుకున్నారు. బస్సుల యజమానులూ మొండికేయడంతో అంబేద్కర్, ఆయన సహచరులు బొంబాయిలో పద్మావతి అనే స్టీమరెక్కి దాస్‌గావ్‌లో దిగి, అక్కడి నుంచి మహాడ్‌కు నడిచారు. స్థలం, తిండి, దారి, తేదీ. ఈ నాలుగూ మనకు ఎప్పుడూ ‘ఏర్పాట్లు’ మాత్రమే కావు.

ఇక కంప్యూటర్ల సంగతి. ఓపెన్ సోర్స్ అంటే రాసిన కోడ్‌ను ఎవరైనా చూడొచ్చు, వాడొచ్చు, మార్చొచ్చు, పంచొచ్చు. సిద్ధాంతంగా నాకు చాలా ఇష్టం. వేదాన్ని ఎవరైనా చదవొచ్చని, తిరగరాయొచ్చని ఏనాడైనా ఎవరైనా అన్నారా? ఈ కోడ్ రాసేవాళ్లు ఏడాదికోసారి ఒకచోట కూడతారు. ఎవరి పని ఎవరిదో అక్కడే తెలుస్తుంది, మాట అక్కడే కలుస్తుంది, ‘మా దగ్గర ఖాళీ ఉంది, దరఖాస్తు పెట్టు’ అనేదీ అక్కడే. నేను చెప్పేది తెలుగు సాహిత్యమే అయినా ఇందుకూరుపేట, తోటపల్లిగూడూరు, విడవలూరు వైపు వాడల నుంచి వచ్చిన పిల్లలు ఈ సభలకు పెట్టే ఇంగ్లీషు దరఖాస్తులు నా దగ్గరికే తెస్తారు. అలా ఈ లోకం నాకు కొంచెం తెలిసింది.

ఐరోపాలో ఫాస్‌డెమ్ అని ఒక పెద్ద సభ బ్రస్సెల్స్‌లో జరుగుతోంది. చోటు ఒక విశ్వవిద్యాలయం. శని, ఆదివారాలు. టికెట్ లేదు, పేరు నమోదు కూడా లేదు, నేరుగా నడిచి వెళ్లిపోవచ్చు. మంచి పద్ధతే, వీసా ఉన్నవాళ్లకు. మన దగ్గర 2001లో లైనక్స్ బెంగళూరు పేరుతో మొదలైన సభ 2005లో ఫాస్ డాట్ ఇన్ అయింది. ఆ ఏడు నవంబరు 29 నుంచి డిసెంబరు 2 దాకా నడిచింది. అంటే మంగళవారం నుంచి శుక్రవారం వరకు. ఆఫీసు పంపిస్తే వచ్చే ఉద్యోగికి ఇబ్బంది లేదు. మన పిల్లకు ఉంది. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు 75 శాతం హాజరు కావాలి. నాలుగు రోజులు బెంగళూరులో కూర్చుంటే పోయేది నాలుగు క్లాసులు కాదు, ఆ ఏడాది ఫీజు. సభ తేదీ వేసే గదిలో ఈ లెక్క తెలిసినవాళ్లు ఒక్కరైనా ఉండాలి కదా.

మన భాషా ప్రాంతంలో జరిగిన రెండు సభలను పక్కపక్కన పెట్టి చూద్దాం. పైథాన్ భాష వాడేవాళ్ల పైకాన్ ఇండియా 2018 అక్టోబరులో హైదరాబాదులో, హెచ్‌ఐసీసీలో జరిగింది. స్టార్ హోటల్‌ను ఆనుకుని ఉన్న సమావేశ భవనం అది. అప్పటికి హైటెక్ సిటీ దాకా మెట్రో రాలేదు, 2019 మార్చిలో వచ్చింది. 2023లో అదే సభ మళ్లీ హైదరాబాదుకు వచ్చినప్పుడు చోటు జేఎన్‌టీయూ. ప్రభుత్వ విశ్వవిద్యాలయం, దగ్గర్లోనే మెట్రో స్టేషన్. తేదీలు సెప్టెంబరు 29 నుంచి అక్టోబరు 2. మధ్యలో శని, ఆదివారాలు, చివర గాంధీ జయంతి సెలవు. గణేశ్ నిమజ్జనం ముందు రోజే అయిపోయింది. నెల్లూరులో రాత్రి సింహపురి ఎక్కితే పొద్దున సికింద్రాబాదు. అద్దాల హోటల్ గుమ్మం దగ్గర చెప్పులు చూసుకుని ఆగిపోయే పిల్ల యూనివర్సిటీ గేటు దగ్గర ఆగదు. నా దృష్టిలో ఈ రెండు సభల మధ్య అసలు తేడా అదే. మెళ్లో వేసే బ్యాడ్జీ మీద ఇంటిపేరు చదివి ‘మీది ఏ ఊరు’ అని మొదలుపెట్టేవాళ్లు రెండు చోట్లా ఉంటారు, అది వేరే కథ.

డెబియన్ వాళ్ల డెబ్‌కాన్ఫ్ తొలిసారి మన దేశానికి 2023 సెప్టెంబరులో వచ్చింది, కొచ్చికి. వాళ్ల పద్ధతిలో ఒక మంచి ఉంది. సభ మా ఊళ్లో పెట్టండని స్థానిక బృందాలు ప్రతిపాదన పెట్టాలి. హాలు, బస, తిండి, ప్రయాణం, వీసా అన్నీ బహిరంగంగా చర్చకు వస్తాయి. మహాడ్‌లో మనవాళ్లు తల బద్దలు కొట్టుకున్న జాబితా దాదాపు ఇదే. డబ్బు లేనివాళ్లకు సాయమూ చేస్తారు. కానీ ప్రయాణం ఖర్చు ముందు మనం పెట్టుకోవాలి, రశీదులు చూపిస్తే తర్వాత ఇస్తారు. ‘తర్వాత’ అనే మాటకు కూలి ఇంట్లో ఉన్న బరువు ఆ నిబంధన రాసినవాళ్లకు తెలిసినట్టు లేదు.

ఇప్పుడు మన తీరం. ఈ సభల్లో చాలావరకు సెప్టెంబరు, డిసెంబరుల మధ్యే పడతాయి. బెంగళూరు, హైదరాబాదులకు అవి హాయి నెలలు. మనకు ఈశాన్య రుతుపవనాలు, తుపాన్లు. 2021 నవంబరులో సోమశిల నీళ్లు పెన్న మీదుగా విరుచుకుపడి పడుగుపాడు దగ్గర రైలు కట్ట కొట్టుకుపోయింది, కోవూరు వైపు జాతీయ రహదారి తెగిపోయింది. రైళ్లు రద్దు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటేలోపు మన మండలాలను నానబెట్టి పోయింది. అలాంటి వారంలో ఇల్లు వదిలి సభకు వెళ్లగలిగేది డాబా ఇల్లు ఉన్నవాళ్లే. మా దగ్గర చదివిన ఒక అమ్మాయి పేపరు ఒక సభకు ఎంపికైంది. కబురు వచ్చేసరికి రైల్లో వెయిటింగ్ లిస్టు నిండింది. బయల్దేరాల్సిన రోజు వాళ్ల వాడలో మోకాళ్ల లోతు నీళ్లు. వెళ్లలేదు. ‘ఆన్‌లైన్‌లో చెప్పొచ్చుగా’ అన్నారు నిర్వాహకులు. కరెంటు లేదు.

మరి సభే మన దగ్గరికి వస్తే? నెల్లూరుకు జనాన్ని సంభాళించడం కొత్త కాదు. స్వర్ణాల చెరువు గట్టున రొట్టెల పండుగకు లక్షల మంది వస్తారు. కులం, మతం అడగకుండా ఒకరి రొట్టె ఒకరు తీసుకుంటారు. రెండు వందల మంది డెవలపర్లకు అన్నం పెట్టలేమా?

తేదీ నేను చూశాను. అక్టోబరు నుంచి డిసెంబరు వద్దు, వాన. ఫిబ్రవరి, మార్చి వరి కోతలు, మన పిల్లలు అమ్మానాన్నలతో పొలాల్లో ఉంటారు. పైగా 2027లో రంజాన్ నెల ఫిబ్రవరిలోనే మొదలవుతుంది, ఫత్తేఖాన్ స్థలంలో సభ జరుపుకున్నవాళ్లం అది మరిచిపోకూడదు. ఏప్రిల్ 14 మనకు వేరే పని. జనవరిలో రెండో శనివారం కాలేజీలకు సెలవు, హాజరు పోదు. బెంగళూరు, హైదరాబాదుల్లో ఉద్యోగాలు చేస్తున్న మనవాళ్లు సంక్రాంతికి ఎటూ ఊరికి వస్తారు, నాలుగు రోజులు ముందు రమ్మంటే వక్తలకు దారి ఖర్చు పెట్టాల్సిన పని లేదు. సెమిస్టరు పరీక్షల టైమ్‌టేబుల్ ఒక్కటి సరిచూసుకోవాలి. 2027లో ఆ శనివారం 9వ తేదీ. నెల్లూరు టౌనులో బస్టాండుకు నడిచి వెళ్లేంత దూరంలో, సాయంత్రం ఆరు లోపు ముగించుకుంటే మైపాడు బస్సు దొరికేలా, హాలు ఇవ్వగల ప్రభుత్వ కాలేజీ ఎవరికైనా తెలిస్తే నాకు చెప్పండి.