శాపం ఎవరికి?

మెదక్ చర్చి 1924 డిసెంబరు 25న ప్రారంభమైంది. దాని రంగుటద్దాల కిటికీల్లో క్రీస్తు పుట్టుక, సిలువ, ఆరోహణం ఉన్నాయి. హవ్వ లేదు. ఆమె ఉండేది ప్రసంగాల్లో. పాపం ఎలా పుట్టిందని ఎవరడిగినా జవాబు ఆమే.

ఆదికాండం మూడో అధ్యాయం మాత్రం అంత తేలిగ్గా జవాబివ్వదు. అందులో సైతాను పేరే లేదు, మాట్లాడే సర్పం ఉంది. ఆ సర్పమే సైతానని చెప్పింది చాలా తర్వాతి ప్రకటన గ్రంథం. హవ్వ పండు ఇస్తే ఆదాము మారుమాట లేకుండా తిన్నాడు. 'శాపం' అన్న మాట సర్పానికీ నేలకీ తగిలింది గానీ స్త్రీకి కాదు. ప్రసవ వేదన, పురుషుడి ఏలుబడి ఆమె పాలిట పడ్డమాట నిజమే. అవి ఆజ్ఞలు కావనీ, చెడిన బంధం ఎలా ఉంటుందో చెప్పే మాటలనీ ఫిలిస్ ట్రిబుల్ 1970లలో వాదించింది.

మరి నేల చేసిన తప్పేమిటి? ఏమీ లేదు. మనిషి మూలంగా శాపం మోసింది. అదే ఉమ్మడి మెదక్ జిల్లాలో ఉండిన పటాన్‌చెరులో ఇది ఉపమానం కాదు. 1970ల నుంచి వచ్చిన ఫ్యాక్టరీల వ్యర్థాలు నక్కవాగులో కలిశాయి. 1990లో కేసు సుప్రీంకోర్టుకెక్కింది. అక్కడి శుద్ధి కేంద్రం వదిలిన నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని 2007లో స్వీడన్ పరిశోధకులు ప్రచురించారు.

పుట్టుగుడ్డిని చూసి శిష్యులు, పాపం ఇతనిదా, కన్నవాళ్ళదా అని అడిగారు. ఎవరిదీ కాదన్నాడు యేసు. గర్భం నిలవని స్త్రీని చూసి మన ఇళ్ళల్లో అడిగేదీ ఆ ప్రశ్నే. నక్కవాగు పక్కన ఆమెను నిలదీసే ముందు, ఆ వాగులోకి ఏం వదిలారో, ఎవరు వదిలారో అడగాలి.