వివిధ ఆపరేటింగ్ సిస్టంల మధ్య బ్యాకప్, రికవరీ సాఫ్ట్‌వేర్ పొంతన: వరంగల్ నేపథ్యం

కంప్యూటర్‌లోని సమాచారానికి మరో చోట భద్రపరచిన నకలును బ్యాకప్ అనీ, అసలు పోయినప్పుడో పాడైనప్పుడో ఆ నకలు నుంచి సమాచారాన్ని తిరిగి తెచ్చుకోవడాన్ని రికవరీ అనీ అంటారు. ఒక ఆపరేటింగ్ సిస్టం మీద తీసిన బ్యాకప్‌ను మరో సిస్టం మీద, లేదా అదే సిస్టం తాలూకు తర్వాతి తరం మీద, పేర్లూ తేదీలూ అనుమతులతో సహా యథాతథంగా తిరిగి పొందగలగడమే బ్యాకప్ సాఫ్ట్‌వేర్ల పొంతన. ఈ పొంతన లేదన్న సంగతి నకలు తీసేటప్పుడు దాదాపుగా బయటపడదు. అన్ని ఫైళ్లూ చేరాయన్న సందేశం తెరమీద కనిపిస్తుంది. చిక్కంతా ఏళ్ల తర్వాత, పాత యంత్రం మూలపడి కొత్తది వచ్చినప్పుడు తెలుస్తుంది.

వరంగల్, హన్మకొండ, కాజీపేట కలిసిన నగరంలో ఈ సమస్యకు కావలసిన వైవిధ్యమంతా ఉంది. 1959లో ప్రాంతీయ ఇంజనీరింగ్ కళాశాలగా మొదలై 2002లో జాతీయ సాంకేతిక విద్యాసంస్థగా మారిన నిట్, 1976లో ఏర్పడిన కాకతీయ విశ్వవిద్యాలయం ఇక్కడే ఉన్నాయి; మడికొండ ఐటీ పార్కులో 2020 జనవరిలో టెక్ మహీంద్రా, సైయెంట్ సంస్థల కార్యాలయాలు ప్రారంభమయ్యాయి. సాధారణంగా ఇంజనీరింగ్ ప్రయోగశాలల్లో లినక్స్, ప్రభుత్వ కార్యాలయాల్లోనూ డీటీపీ కేంద్రాల్లోనూ విండోస్, డిజైన్ పనిచేసేవారిలో కొందరి వద్ద మ్యాక్ కనిపిస్తాయి గనుక ఒకే పుస్తకం రాతప్రతి నుంచి ముద్రణ దాకా మూడు సిస్టంల మీదుగా ప్రయాణించడం అరుదు కాదు.

ఫైల్ సిస్టంల తేడాలు

డిస్కు మీద ఫైళ్లను అమర్చి, వాటి పేర్లను, తేదీలను, యాజమాన్యాన్ని నమోదు చేసే పద్ధతిని ఫైల్ సిస్టం అంటారు. విండోస్ ఎన్‌టీఎఫ్‌ఎస్‌ను, లినక్స్ ఎక్కువగా ఈఎక్స్‌టీ4ను, మ్యాక్ 2017 నుంచి ఏపీఎఫ్‌ఎస్‌ను, అంతకుముందు హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్‌ను వాడుతున్నాయి. ఇంగ్లిషు అక్షరాల్లో పెద్దబడి, చిన్నబడి తేడాను లినక్స్ పాటిస్తుంది కాబట్టి ఒకే పేరును రెండు విధాలుగా రాసిన రెండు ఫైళ్లు ఒకే ఫోల్డర్‌లో ఉండగలవు. వాటిని మామూలు పద్ధతిలో విండోస్ మీదికి తెస్తే రెండోది మొదటిదాన్ని చెరిపి కూర్చునే ప్రమాదముంది. కోలన్, ప్రశ్నార్థకం, నక్షత్రపు గుర్తు వంటివి లినక్స్‌లో పేరులో భాగం కావచ్చు, విండోస్ వాటిని ఒప్పుకోదు. పెన్‌డ్రైవ్‌లలో ఇంకా కనిపించే ఫ్యాట్32లో ఒక ఫైలు 4 గిగాబైట్లకు చేరకూడదు. పైగా అది మార్పు సమయాన్ని రెండేసి సెకన్ల లెక్కన మాత్రమే నమోదు చేస్తుంది కాబట్టి, సమయాన్ని పోల్చి మారిన ఫైళ్లనే నకలు తీసే సాఫ్ట్‌వేర్, మారని ఫైళ్లను కూడా మారినట్టు భ్రమపడుతుంది. మైక్రోసాఫ్ట్ 2006లో తెచ్చిన ఎక్స్‌ఫ్యాట్ పరిమాణపు హద్దును తొలగించింది, 2019 నుంచి లినక్స్ కెర్నెల్‌లోనూ దానికి చోటు దక్కింది. అందుకే మూడు సిస్టంల మధ్య తిరిగే హార్డ్‌డిస్కుకు ఇప్పుడు దాన్నే ఎంచుకుంటారు. అయితే ఎవరు చదవవచ్చో ఎవరు మార్చవచ్చో చెప్పే అనుమతుల వివరాలు ఎక్స్‌ఫ్యాట్‌లో నిలవవు.

తెలుగు ఫైలు పేర్లు

ఇంగ్లిషు పేర్లతో పనిచేసేవారికి తారసపడని చిక్కులు కొన్ని తెలుగు పేర్లకే ప్రత్యేకంగా ఉన్నాయి. యూనికోడ్‌ను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో ప్రతి తెలుగు సంకేతానికి మూడు బైట్లు పడతాయి. వరంగల్ అన్న పేరులో పొల్లు, సున్నలతో కలిపి ఆరు సంకేతాలున్నాయి కనుక అది 18 బైట్లు. స్త్రీ అన్న ఒక్క అక్షరానికే 18 బైట్లు. ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫైలు పేరును 255 సంకేతాల దాకా అనుమతిస్తే, ఈఎక్స్‌టీ4 మాత్రం 255 బైట్ల దగ్గర ఆపేస్తుంది, అంటే తెలుగులో 85 సంకేతాలు. వ్యాసం శీర్షికనూ రచయిత పేరునూ సంచిక నెలనూ కలిపి ఫైలుకు పెట్టే అలవాటు ఉన్నచోట ఈ హద్దు సులభంగా దాటిపోతుంది. విండోస్‌లో బాగానే ఉన్న ఫైలు లినక్స్ సర్వర్ మీదికి ఎక్కదు, దాని పేరు పొరపాట్ల జాబితాలో ఎక్కడో అడుగున ఉండిపోతుంది.

ఇంతకంటే సూక్ష్మమైనది ఐత్వం విషయం. యూనికోడ్ తెలుగు పట్టికలో ఐత్వపు గుర్తును ఒకే సంకేతంగానూ, ఎత్వానికి కింది గుర్తు జోడించిన రెండు సంకేతాలుగానూ రాయవచ్చు, రెండింటినీ ప్రమాణం సమానమనే చెబుతుంది. తెలుగు గుణింతాల్లో ఇలా విడిపోయేది ఇదొక్కటే. పాత మ్యాక్‌లలోని హెచ్‌ఎఫ్‌ఎస్ ప్లస్ ప్రతి పేరునూ విడదీసి దాచుకునేది. లినక్స్, విండోస్ ఇచ్చింది ఇచ్చినట్టే ఉంచుతాయి. ఫలితంగా కాజీపేట రైల్వే అన్న ఫోల్డర్‌ను విండోస్ నుంచి ఒకసారి, పాత మ్యాక్ నుంచి ఒకసారి లినక్స్ సర్వర్‌కు పంపితే, రైల్వే అన్న మాట ఒకచోట 18 బైట్లతోనూ మరోచోట 21 బైట్లతోనూ నమోదై, కంటికి ఒకేలా కనిపించే రెండు ఫోల్డర్లు పక్కపక్కన నిలుస్తాయి. సాఫ్ట్‌వేర్ అన్న మాటలో పొల్లు తర్వాతి అక్షరం ఒత్తుగా మారకుండా ఆపే కనబడని సంకేతం కూడా ఇలాంటిదే: ఒకరు పెట్టి, ఒకరు పెట్టక రాస్తే అవి వేర్వేరు పేర్లే, వాటిని సమానమని చెప్పే ప్రమాణమూ లేదు. పాత జిప్ సాధనాలు పేర్లను యూనికోడ్‌లో దాచవు కాబట్టి వాటి నుంచి బయటికొచ్చిన తెలుగు పేర్లు ప్రశ్నార్థకాల వరుసలుగా మిగులుతాయి.

జిల్లాల పేర్లలో వచ్చిన మార్పులకూ ఇక్కడ పాత్ర ఉంది. 2016 అక్టోబరులో పాత వరంగల్ జిల్లా విడిపోయి వరంగల్ అర్బన్, వరంగల్ రూరల్ వంటి జిల్లాలు ఏర్పడ్డాయి. 2021లో అర్బన్ హనుమకొండ అయింది, రూరల్‌కు వరంగల్ పేరు వచ్చింది. జిల్లాల వారీగా ఫోల్డర్లు పెట్టుకున్నవారు వాటి పేర్లు మార్చినప్పుడు, 1996లో విడుదలైన ఆర్‌సింక్ వంటి సాధనం పేరు మారిన ఫోల్డర్‌ను మామూలుగా కొత్తదిగా భావించి సమస్తం మళ్లీ పంపుతుంది. లోపలి సమాచారాన్ని ముక్కలుగా గుర్తుపట్టే రెస్టిక్, బోర్గ్ అనే బ్యాకప్ సాధనాలు మాత్రం అవే ముక్కలను రెండోసారి దాచవు. 2016కు ముందటి బ్యాకప్‌లోని వరంగల్ ఫోల్డర్‌ను నేటి వరంగల్ ఫోల్డర్ మీదికి పునరుద్ధరిస్తే రెండు వేర్వేరు భూభాగాల కాగితాలు కలిసిపోతాయి. దీన్ని ఏ సాఫ్ట్‌వేరూ పసిగట్టలేదు.

ఫాంటు సంకేతాల పాత ఫైళ్లు

విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు వచ్చి యూనికోడ్ తెలుగు అందుబాటులోకి రాకముందూ, ముద్రణ రంగంలో ఆ తర్వాత చాలా కాలమూ, తెలుగు పుస్తకాలు, కరపత్రాలు, శుభలేఖలు పేజ్‌మేకర్‌లో అను వంటి ఫాంట్లతో తయారయ్యేవి. ఈ ఫాంట్లలో తలకట్లు, ఒత్తులు, గుణింతపు ముక్కలు ఇంగ్లిషు అక్షరాల స్థానాల్లో కూర్చుంటాయి. ఫాంటు లేని యంత్రం మీద తెరిస్తే కనిపించేది అర్థంలేని రోమన్ అక్షరాల గుంపే. పేజ్‌మేకర్ అభివృద్ధిని అడోబీ 2004లో నిలిపివేసింది. అంటే ఈ ఫైళ్లను బైటు పోకుండా నకలు తీసినా, వాటిని చదవడానికి ఆ ప్రోగ్రాం, ఆ ఫాంట్లు, అవి నడిచే పాత విండోస్ కూడా కావాలి. బ్యాకప్ పరిపూర్ణంగా ఉండి రికవరీ శూన్యమయ్యే సందర్భానికి తెలుగులో ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ దొరకదు. పాత విండోస్‌ను కంప్యూటర్‌లోపలి కంప్యూటర్ వంటి వర్చువల్ మెషీన్‌గా మార్చి, ప్రోగ్రాంతో, ఫాంట్లతో సహా దాచడం ఒక మార్గం. యూనికోడ్‌లోకి మార్చిన పాఠాన్ని, పేజీల రూపాన్ని చూపే పీడీఎఫ్‌ను అసలు ఫైలు పక్కనే ఉంచడం మరొకటి. మార్పిడిలో కొన్ని ఒత్తులు తారుమారు కావచ్చు గనుక అసలు ఫైలును పారేయకపోవడం మంచిది.

బ్యాకప్ సాఫ్ట్‌వేర్ల స్వభావం

సిస్టంతో పాటు వచ్చే బ్యాకప్ సాధనాలు ఆ సిస్టంకే కట్టుబడి ఉంటాయి. విండోస్ ఎక్స్‌పీ వరకూ ఉన్న ఎన్‌టీ బ్యాకప్‌ను విస్టాలో తొలగించారు. దాని ఫైళ్లను తెరవడానికి మైక్రోసాఫ్ట్ విడిగా ఒక సాధనం ఇవ్వవలసి వచ్చింది. 2007లో వచ్చిన మ్యాక్ టైం మెషీన్ నకళ్లను విండోస్ తనంత తానుగా చదవలేదు. ఇందుకు భిన్నంగా 1979 నాటి యూనిక్స్‌తో వచ్చిన టార్ అనే పెట్టె రూపం నేటికీ మూడు సిస్టంల మీదా తెరుచుకుంటుంది. అందువల్ల సాఫ్ట్‌వేర్ పేరు కంటే అది రాసే రూపం బహిరంగమైనదా కాదా అన్నదే ముందు చూడవలసిన విషయం. సంస్థల స్థాయిలో వాడే బాకులా, దాని నుంచి చీలిన బారియోస్ ఒక సర్వర్ నుంచే వేర్వేరు సిస్టంల యంత్రాలకు నకళ్లు తీస్తాయి. బాకులాలో విండోస్ ఫైళ్లను ఆ సిస్టం సొంత అనుమతుల వివరాలన్నిటితో దాచవచ్చు, లేదా పోర్టబుల్ అనే ఎంపికతో ఏ సిస్టం మీదనైనా తెరిచేలా దాచవచ్చు; రెండో దారిలో అనుమతుల వివరాలు పోతాయి. పొంతనకు చెల్లించే మూల్యం ఎంతో ఈ ఒక్క ఎంపికలోనే కనబడుతుంది.

సిస్టంల భిన్నత్వం ఎప్పుడూ బాధే అనుకోనక్కర్లేదు. ఫైళ్లకు రహస్య తాళం వేసి డబ్బు అడిగే రాన్సమ్‌వేర్‌లలో 2017 మే నెలలో ప్రపంచాన్ని కుదిపిన వానాక్రై విండోస్ ఫైలు పంపకంలోని లోపం మీదుగా పాకింది. 2019లో తెలుగు రాష్ట్రాల విద్యుత్ పంపిణీ సంస్థలూ ఇలాంటి దాడిని ఎదుర్కొన్నాయి. విండోస్ యంత్రానికి డ్రైవ్‌గా తగిలించి ఉంచిన బ్యాకప్ డిస్కు కూడా అసలుతో పాటే తాళంలో చిక్కుతుంది. లినక్స్ సర్వరే వచ్చి నకలు తీసుకుపోయేలా, విండోస్ యంత్రానికి ఆ నకలు మీద రాసే హక్కు లేకుండా ఏర్పాటు చేస్తే ఆ ప్రమాదం బాగా తగ్గుతుంది.

డిస్కు మొత్తాన్ని చిత్రంలా దాచే క్లోన్‌జిల్లా వంటి సాధనాలు ఫైలు పేర్లతో పనిలేకుండా సాగుతాయి గనుక పైన చెప్పిన తెలుగు చిక్కులేవీ వాటికి అంటవు. యంత్రాన్ని మొదలుపెట్టే పద్ధతుల్లో పాతదైన బయోస్‌తో నడిచే యంత్రం చిత్రాన్ని, కొత్తదైన యూఈఎఫ్ఐతో నడిచే యంత్రం మీద దించితే మాత్రం సిస్టం లేవకపోవచ్చు. బిట్‌లాకర్‌తో తాళం వేసిన విండోస్ డిస్కును 48 అంకెల రికవరీ కీ చేతిలో ఉంటే లినక్స్‌లోనూ తెరవవచ్చు, క్రిప్ట్‌సెటప్ సాధనంలో 2020 నుంచి ఆ సదుపాయముంది. ఆ కీ రాసుకున్న ఫైలు అదే డిస్కులో ఉండిపోతే ఏ సిస్టం మీదా దానికి దారి లేదు.