పటం నుంచి కామిక్ దాకా: నీళ్లను ఎవరు గీశారు?

మొన్న ఏప్రిల్‌లో హైదరాబాద్‌లో కొంతమంది దళిత విద్యార్థులు పెట్టిన బొమ్మల ప్రదర్శనకు మేం నలుగురం వెళ్లాం. పెద్ద గ్యాలరీ కాదది. హాస్టల్ పక్కన చిన్న హాలు. గోడల పొడవునా తాడు కట్టి, బట్టల క్లిప్పులతో డ్రాయింగు షీట్లు తగిలించారు. తలుపు మీద ‘కామిక్ పుస్తకాల స్ఫూర్తితో’ అని రాసి వుంది. లోపల ఏ షీటు చూసినా నీళ్లే. బావి గట్టు, బోరింగు దగ్గర బిందెల వరస, హోటల్లో విడిగా పెట్టిన గ్లాసు. ఎగిరే వీరులు ఎవరూ లేరు. బిందె పట్టుకున్న ఆడవాళ్లున్నారు.

మమ్మల్ని ఎక్కువసేపు నిలబెట్టింది కారంచేడు షీటు. 1985 జూలై 16న, అప్పటి ప్రకాశం జిల్లా కారంచేడులో, మాదిగలు తాగే నీళ్ల చెరువు దగ్గర కమ్మ యువకులు గేదెల కుడితి బకెట్ కడుగుతుంటే మాదిగలు అడ్డు చెప్పారు. తన మీదికి వచ్చిన వాళ్లను ఆపడానికి మున్నంగి సువార్త బిందె ఎత్తింది. మర్నాడు మాదిగపల్లె మీద పడి ఆరుగురిని చంపారు. ఆ ఏడే దళిత మహాసభ పుట్టింది. యిదంతా మనకు తెలిసిందే. యీ పిల్లలు మాత్రం మూడే బొమ్మలు గీశారు: చెరువు, బకెట్, ఎత్తిన బిందె. దాడిని గీయలేదు. ఎందుకని అడిగాం. “మనోళ్లు సచ్చిపడ్డది అందరూ గీస్తరు సార్. ఆమె లేసి నిలబడ్డది ఎవరు గీసిన్రు?” అన్నదొక విద్యార్థిని.

బొమ్మల కథల చరిత్రకు అడగాల్సిన ప్రశ్న యిదే. ఎవరిని గీశారన్నది ఒక్కటే చాలదు. ఎవరు గీశారు, ఎవరు చెప్పారు, ఎవరికి చెప్పారు?

తెలుగు పిల్లలకు అచ్చులో బొమ్మల కథ అంటే 1947లో మొదలైన చందమామ. ఆ తర్వాత 1967లో అనంత్ పాయ్ మొదలుపెట్టిన అమర్ చిత్ర కథ. దేవుళ్లు, రాజులు తెల్లగా, రాక్షసులు నల్లగా వుండే లోకం అది. అందులో బాబాసాహెబ్ అంబేద్కర్ మీద పుస్తకం 1979లో వచ్చింది. ఆ పుస్తకం చేసిన మేలును మేం కాదనం. కానీ రాజులనూ దేవుళ్లనూ కూచోబెట్టిన ఆ గళ్లలోనే ఆయన్నీ కూచోబెట్టారు. జాతి మహాపురుషుల వరసలో మరో మహాపురుషుడు. కులం ఆయన దాటొచ్చిన కష్టంగా కనిపిస్తుంది గాని, చదివేవాడి ఇంట్లో యిప్పటికీ నడుస్తున్న పద్ధతిగా కనిపించదు.

2011లో నవయాన ప్రచురించిన ‘భీమాయన’ ఆ గళ్లను పగలగొట్టింది. కథనం శ్రీవిద్య నటరాజన్, ఎస్. ఆనంద్‌లది. బొమ్మలు దుర్గాబాయి వ్యామ్, సుభాష్ వ్యామ్‌లవి. వీళ్లిద్దరూ మధ్యప్రదేశ్ పర్ధాన్ గోండులు. పర్ధాన్లంటే గోండుల చరిత్రను పాటగా మోసేవాళ్లు. మన ఆదిలాబాద్‌లో కిక్రీ వాయిస్తూ గోండు కథలు చెప్పేదీ వాళ్లే. మనుషుల్ని డబ్బాల్లో బిగించి గీయమని వాళ్లు ఒప్పుకోలేదు. ఇళ్ల గోడల మీద, నేల మీద వేసే ముగ్గు ‘దిగ్నా’తోనే పేజీని విడగొట్టారు. మెత్తని మాట పిట్ట ఆకారంలో వస్తుంది. కులం కక్కే మాటకు తేలు కొండి వుంటుంది. కథలన్నీ అంబేద్కర్ తన అనుభవాలుగా రాసుకున్నవే. 1901లో తండ్రిని చూడబోతూ పిల్లలు రాత్రంతా గుక్కెడు నీళ్లు దొరక్క పడిన బాధ, బరోడాలో పార్సీ సత్రం నుంచి గెంటివేత, 1929లో చాలీస్‌గావ్ టాంగా ప్రమాదం. వీటి పక్కనే 2006 నాటి ఖైర్లాంజి వుంది. అంటే కులం గతం కాదని ఆ పుస్తకం బొమ్మతోనే చెప్పింది. ప్రదర్శన పెట్టిన విద్యార్థులు దారి తీసుకున్నది దీన్నుంచే.

అయితే యీ దారి 2011లో మొదలైందా? కాదు. హాలు చివర ఒక చేర్యాల పటం ముక్క ఫొటో పెట్టి, కింద ‘జానపద కళ, కామిక్‌కు పూర్వరూపం’ అని రాశారు. అది జాంబపురాణం పటం. దాన్ని గీసింది నకాషీలు. భుజాన మోసి, వాడలో విప్పి, ఒక్కో బొమ్మా చూపిస్తూ చెప్పింది దక్కలివాళ్లు. విన్నది మాదిగలు. పద్మశాలీలకు కూనపులివాళ్లు, ముదిరాజులకు కాకిపడగలవాళ్లు వున్నట్టే మాదిగలకు దక్కలి. గుడ్డకు చింతగింజల అంబలి, సుద్ద పట్టించి, ఎర్రని నేల మీద అడ్డపట్టీలుగా కథ గీసేవారు. భూమి పుట్టకముందే జాంబవంతుడు పుట్టాడని ఆ పటం చెప్పింది. మనల్ని చివరి మెట్టు మీద నిలబెట్టిన పురాణాలకు మన వాడ చెప్పుకున్న జవాబది.

ఆ కాగితం మీద దక్కలి పేరు లేదు. విద్యార్థులను తప్పుపట్టబోయి మేం ఆగాం. ఎందుకంటే మాలో ఒకరికి సొంత వాడ గుర్తొచ్చింది. పటం చెప్పటానికి వచ్చిన దక్కలాయన గడప బయటే నిలబడేవాడు. దాహమేస్తే దోసిలి పట్టేవాడు. మన ఇంటోళ్లు చెంబు పైకెత్తి పోసేవాళ్లు. ఊళ్లో మనకు ఎట్ల పోసిన్రో, వాడలో వాళ్లకు మనం అట్లనే పోసినం. మన చరిత్రను మోసినవాడికి మన చెంబు తాకే హక్కు లేకపోయింది.

యిది మన పరువు తీసుకోవటానికి రాయటం లేదు. బ్రాహ్మణీయ చరిత్రను మనం అడిగే ప్రశ్న మన వాడను కూడా అడక్కపోతే అది సగం ప్రశ్నే. యివాళ చేర్యాల పటం చిన్న ముక్కలై, మాస్కులై డబ్బున్న ఇళ్ల గోడలెక్కుతోంది. బొమ్మ బతికింది. చెప్పే గొంతు ఆగిపోతోంది. దక్కలి పెద్దలు చెప్పే జాంబపురాణాన్ని వాళ్ల పేర్లతో, వాళ్ల మాటల్లో రాసిపెట్టే పని మన విద్యార్థులు, ఉపాధ్యాయులు వెంటనే చేపట్టాలి.

వచ్చేముందు ఆ విద్యార్థినికి యీ సంగతి చెప్పాం. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఆ కాగితం తీసి, వెనక్కి తిప్పి, ‘చెప్పింది: దక్కలివాళ్లు’ అని పెద్దక్షరాలతో రాసి మళ్లీ తగిలించింది. పక్కన ఖాళీ షీటు ఒకటి పెట్టింది. ఎత్తిన చెంబు, కింద దోసిలి. ఆ బొమ్మ గీయటానికి ముందు దక్కలి కుటుంబాల దగ్గరికి వెళ్లొస్తానని చెప్పింది.